ముప్పై సెకన్ల చావి

స్టీమర్ రోడ్డులో మా గడియారాల కొట్టుకి
ఒక కెమెరా వైద్యానికొచ్చింది.
లేసు షావుకారు తటవర్తి విశ్వనాథం గారి ఇనప్పెట్టెలో
దస్తావేజుల కింద పడుకుని పడుకుని
కీళ్ళు బిగుసుకుపోయాయి పాపం.
"బాగుపడితే నువ్వే ఉంచుకో,
మా ఇంట్లో దానికి మొహం చూపించేవాళ్ళు లేరు"
అన్నాడాయన, గొడుగు ముడుస్తూ.

మూత తీస్తే లోపల తెలిసిన చుట్టాలే:
పళ్ళ చక్రాలు, చుట్ట చుట్టుకున్న స్ప్రింగు.
కుట్టుమిషను నూనె ఒక్క చుక్క,
ఓపిక ఓ వారం.

చావి ఇస్తే ముప్పై సెకన్లు నడుస్తుంది.
అంతే.
ఆపైన ఏ రంభ ఎదురొచ్చినా
ఆగి మళ్ళీ తిప్పుకోవాలి.
ఇరవై ఆరేళ్ళు ఊరందరి సెకన్లూ సరిచేశాను గానీ
ముప్పై అంటే ఎన్నో
అప్పటిదాకా నాకు తెలీదు.

మొదటి చావి బుల్లివీరమ్మ పిన్నికి.
చూరు కింద పీట మీద కూర్చుని
వీధిలోకి చూస్తూ లేసు అల్లుతోంది,
వేళ్ళని వాటి మానాన వదిలేసి.
"కదలకుండా కూచోవాలేంట్రా?"
"కదులు పిన్నీ, కదలడానికే ఇది."
"ఓస్, ఫోటో అనుకున్నాను!"
కర్ర్ మని కెమెరా,
చప్పుడు లేకుండా సూది.
రెండిటికీ ఏదో పాత పందెం ఉన్నట్టుంది.

ఓ వైపు అయిపోతే
రీలు నీడలో తిరగెయ్యాలి.
మునక్కాయల బండి కింద దూరి తిరగేశాను.
రెండో వైపు నిండా
చేపల వేలంలో అరుపులు లేని నోళ్ళు,
పోటెక్కి వెనక్కి నడిచే గోదారి,
ఆ నీటితో పాటే వెనక్కి వెళ్ళిన ఒక చెప్పు.

రేవులో ఎవరో టైమెంతండీ అన్నారు.
చెప్పే హడావుడిలో లెక్క తప్పాను.
కొత్త రీలనుకుని
పాతదాన్నే మూడోసారి ఎక్కించి
సఖినేటిపల్లి నుంచి వస్తున్న పంటుని తీశాను,
మోటారు సైకిళ్ళూ కొబ్బరి బస్తాలూ దిగేదాకా.

కడగడానికి బొంబాయి పంపే రోజులు కావుగా.
కాఫీ పొడి, చాకలి సోడా,
నూరిన సి విటమిన్ మాత్రలు.
బకెట్లోంచి ఎండగట్టిన రొయ్యల చెరువు వాసన.
"పొద్దున కాఫీ ఏదంటే ఇందులో ముంచుకు తాగు"
అంది మా రత్నావళి, ముక్కు మూసుకుని.

రాత్రి షట్టరు దించి
గోడకి తెల్ల లుంగీ కట్టి ఆడించాను.
అన్నీ తలకిందుల రంగులు.
కొంగలన్నీ కాకులయ్యాయి.
గేదెలు పాలలో మునిగి లేచినట్టున్నాయి.
బుల్లివీరమ్మ జుట్టు మళ్ళీ నల్లబడింది.
ఆమె ఒళ్ళోకి,
నల్లటి లేసు మీదికి,
పంటు వస్తోంది.
సూది కొక్కెం తాడు విసిరి
ఒక్కో కుట్టుకీ ఓ మూర చొప్పున
దాన్ని రేవుకి లాగుతోంది.

నా తప్పే అది. ఒప్పుకున్నాను.
ఎవరూ వినలేదు.

చావి చివర్లో స్ప్రింగు నీరసిస్తే
కెమెరా నెమ్మదిస్తుంది,
అందుకే తెర మీద మనుషులు పరుగందుకుంటారు.
పంటు దిగినవాళ్ళు అలాగే పరిగెత్తి
పిన్ని మోకాలి దగ్గర మాయమయ్యారు.

పిన్ని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూసింది.
"నాలుగు గొలుసులల్లాను. మూడే ఉన్నాయి.
ఇంకోటి ఏం చేశావురా?"
"బొమ్మకీ బొమ్మకీ మధ్య రెప్ప పడుద్ది పిన్నీ,
అందులో పోయుంటది."
"రెప్ప నాకూ పడుద్ది.
కుట్టెప్పుడూ పోలేదు."

కొట్టు కట్టే ముందు స్ప్రింగుని వదిలెయ్యాలి.
బిగించి పడుకోబెడితే ఉక్కు అలిసిపోతుంది.
ఫిల్ము లేని కెమెరాని గుమ్మం వైపు తిప్పి
మీట నొక్కాను.
చీకట్లో పిన్ని
కాలితో చెప్పులు వెతుక్కుంటోంది.